రోజ్‌వుడ్ పని పట్టినప్పటి నుంచి చేతుల మీద దద్దుర్లు, రాత్రయితే దగ్గు. ఎవరికైనా ఇలా అయిందా?

గంటస్తంభం_వడ్రంగి
విజయనగరంలో ఫర్నిచర్ షెడ్డు మాది. చిన్నప్పటి నుంచి నాన్న దగ్గరే పని నేర్చుకున్నాను. టేకు, మద్ది, వేప, మామిడి అన్నీ కోశాను, ఒంటికి ఎప్పుడూ ఏమీ కాలేదు. ఈ మధ్య ఒక పాత మేడ నుంచి రోజ్‌వుడ్ మంచాలు, బీరువా తలుపులు వచ్చాయి. పాత పాలిష్ గీకేసి, సాండర్ (ఉప్పు కాగితంతో నున్నగా రుద్దే మిషన్) పట్టి, మళ్లీ పాలిష్ చెయ్యాలి. మొదట్లో బాగానే ఉంది. తర్వాత మోచేతి మడతల్లో, మెడ చుట్టూ కాలర్ రాసుకునేచోట, కనురెప్పల మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. దురద ఆగదు. దానికి తోడు రాత్రి పడుకున్నాక పొడి దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. పగలు షెడ్డులో ఉన్నంతసేపు దగ్గు రాదు, అందుకే ఇంట్లోవాళ్లు ఇది దుమ్ము వల్ల కాదంటున్నారు. మందుల షాపులో ఇచ్చిన సిట్రిజిన్‌తో దురద కాస్త తగ్గుతోంది, దగ్గు తగ్గడం లేదు. అడ్వాన్సు తీసుకున్నాను కాబట్టి పని మధ్యలో వదల్లేను. మాస్క్ పెట్టుకుంటే సరిపోతుందా? డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి, చర్మం డాక్టరా, ఊపిరితిత్తుల డాక్టరా?

నాగావళి_గట్టు
చెక్క పొట్టుకి ఎలర్జీ ఏటి బావూ. మా తాతలు, వాళ్ల తాతలు ఈ పొట్టులోనే పుట్టి పెరిగారు. కొన్నాళ్లు ఓర్చుకో, అలవాటైపోతుంది. సాయంత్రం ఓ బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే దుమ్మంతా దిగిపోతుంది.

రాజాం_మిల్లు
అలవాటవడం మాట అలా ఉంచండి గట్టు గారు. మా మిల్లులో దిరిసెన దుంగ ఎక్కించిన రోజు రంపం దగ్గర నిలబడ్డవాళ్లందరికీ తుమ్ములే తుమ్ములు. పాతికేళ్ల సర్వీసు ఉన్న మేస్త్రీకీ అంతే, నిన్న చేరిన కుర్రాడికీ అంతే.

కోటజంక్షన్_కుర్రాడు
బెల్లం గొంతులోంచి కడుపులోకి వెళ్తుంది, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఇద్దరూ దారిలో ఎక్కడ కలుసుకుంటారు గట్టు గారూ?

ఊపిరి_డాక్టర్
శ్రీకాకుళంలో ప్రాక్టీసు చేస్తున్నాను. వడ్రంగులు, రైసు మిల్లు కార్మికులు మా దగ్గరికి వస్తూనే ఉంటారు, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మిల్లు గారు చెప్పిన దిరిసెన తుమ్ములు ఎలర్జీ కాదు. ఆ దుమ్ము ముక్కు పొరని రేపుతుంది. ఎవరికైనా రేపుతుంది, బయటికొస్తే తగ్గిపోతుంది. ఎలర్జీ అందరికీ రాదు. ఒకే షెడ్డులో ఒకరికి వచ్చి పక్కవాడికి రాకపోవచ్చు. వారాలో, నెలలో, ఒక్కోసారి ఏళ్లో ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోతాయి. ఆ కాలంలోనే శరీరం ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత చిటికెడు దుమ్ము చాలు. ‘ఇన్నాళ్లూ ఏమీ కాలేదు, ఇప్పుడెందుకవుతుంది’ అనే ప్రశ్నకి జవాబు ఇదే. ఓర్చుకునే కొద్దీ పెరుగుతుంది తప్ప తగ్గదు. గట్టు గారి సలహా పాటించి ఉబ్బసం ముదిరాక వచ్చినవాళ్లని నేను చూశాను.

రోజ్‌వుడ్ సంగతి. రోజ్‌వుడ్ అంటే మన ఇరుగుడు. ఆ జాతి చెట్ల చేవలో డాల్‌బర్జియోన్లు అనే పదార్థాలు ఉంటాయి. చర్మానికి ఎలర్జీ తెప్పించడంలో వీటికి బాగా పేరుంది. టేకులో కూడా అలాంటివే డీఆక్సీలాపకోల్ వంటివి ఉన్నాయి. చెట్టుకి పురుగు, శిలీంధ్రం పట్టకుండా కాపాడేవి చాలావరకు ఇలాంటివే. చెమట పట్టినచోట దుమ్ము అంటుకుని ఇవి కరిగి చర్మంలోకి దిగుతాయి. అందుకే మోచేతి మడత, కాలర్, నడుం దగ్గర బెల్టు, వాచీ కింద మొదట వస్తాయి. కనురెప్పల చర్మం పల్చన కాబట్టి అక్కడా వస్తుంది. మన తీరం ఉక్కపోతలో ఇది ఇంకా ఎక్కువ.

రాత్రి దగ్గు చూసి దుమ్ము కాదనుకోకండి. పనికి సంబంధించిన ఉబ్బసంలో దెబ్బ వెంటనే తగలొచ్చు, నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాతా తగలొచ్చు. పగలు పీల్చినదానికి రాత్రి దగ్గడం మేం తరచూ వినే మాటే. ఒక్క ప్రశ్న: పండక్కో, ఊరికో వెళ్లి వరసగా సెలవులో ఉన్నప్పుడు తగ్గుతోందా?

ఇంకొకటి. గీకిన తర్వాత ఏ పాలిష్ కొడుతున్నారు?

గంటస్తంభం_వడ్రంగి
తగ్గుతోంది డాక్టర్ గారూ. మొన్న అత్తారింటికి చీపురుపల్లి వెళ్లినప్పుడు రెండో రాత్రికే దగ్గు పోయింది. పాలిష్ అంటే పీయూ, అదే పాలీయూరిథేన్. రెండు డబ్బాలు వస్తాయి, కలిపి స్ప్రే గన్‌తో కొడతాను. ఈ పార్టీవాళ్లు మెరుపు కావాలన్నారు.

ఊపిరి_డాక్టర్
అయితే దగ్గుకి మొదటి అనుమానం చెక్క మీద కాదు, ఆ రెండో డబ్బా మీద. పీయూ గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. పనిచేసేచోట ఉబ్బసం తెప్పించే పదార్థాల్లో ప్రపంచమంతా మొదటి వరసలో చెప్పేవి ఇవే. గుడ్డ మాస్కూ, ఎన్95 మాస్కూ దుమ్ముని ఆపుతాయే కానీ ఆ ఆవిరిని ఆపలేవు. దద్దుర్లు రోజ్‌వుడ్ వల్ల, దగ్గు పీయూ వల్ల అయి ఉండొచ్చు. రెండూ ఒకటే అనుకుని చెక్క మార్చేస్తే అసలుది అలాగే ఉండిపోతుంది. తేలేదాకా గన్ ముట్టుకోకండి.

పార్వతీపురం_టేకు
గన్‌తో కొట్టేవాళ్లంతా తెలుసుకోవాల్సిన మాట ఇది. మా దగ్గర పాలిష్ కుర్రాళ్లు ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని, తలుపులు మూసేసి కొడతారు. గాలి ఆడితే దుమ్ము పడి ఫినిషింగ్ పాడవుతుందని తలుపులు మూస్తారు.

నాగావళి_గట్టు
సరే, పీయూ సంగతి ఒప్పుకుంటాను, అది మందు. కానీ చెక్క పొట్టు దేవుడిచ్చింది. మా తాత తొంభై ఏళ్లు బతికాడు, మాస్క్ మొహం చూడలేదు.

బొబ్బిలి_పనస
గట్టు గారి తాత చేతిలో ఏ పనిముట్టు ఉండేదో ఒకసారి గుర్తుచేసుకోండి. బాడిస, ఉలి, చిత్రిక. మాది బొబ్బిలి దగ్గర గొల్లపల్లి, వీణల పని. ఏకాండి వీణకి ఒకే పనస దుంగ తీసుకుంటాం. కుండ లోపల బాడిసతో, ఉలితో తొలుస్తుంటే పెద్ద పెద్ద పెళ్లలు లేస్తాయి. అవి కిందే పడతాయి, చేత్తో ఎత్తి గంపలో వేసుకోవచ్చు. ఆ పని పొద్దంతా చేసినా మీసం మీద దుమ్ము కనబడదు. అదే వీణకి చివర్లో ఉప్పు కాగితం పట్టేటప్పుడు చూడండి. పసుపు రంగు పొడి, పిండిలా మెత్తగా. కనుబొమల మీద, ముక్కు పుటాల అంచున, చెవి గుంటలో కూర్చుంటుంది. ఉమ్మితే ఉమ్మి పసుపు. చెక్క ఒకటే, చెట్టు ఒకటే. తేడా అంతా పనిముట్టులో ఉంది. తాతల కాలంలో చేత్తో ఒక గంట పట్టే ఉప్పు కాగితం ఇప్పుడు మిషన్‌తో రోజంతా పడుతున్నాం. ఇక ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసే పలక), ప్లైవుడ్ తాతలకి తెలియనే తెలియదు.

రాజాం_మిల్లు
పనస గారి మాటకి నా ఓటు. మిల్లులో పచ్చి దుంగ కోస్తే పొట్టు తడిగా కిందపడుతుంది, గాలిలో లేవదు. ఎండిన కర్రకి సాండర్ పడితేనే షెడ్డంతా పొగమంచు.

కోటజంక్షన్_కుర్రాడు
జాతరలో పూజారి ఎక్కే సిరిమానుకి కూడా పచ్చి చింతమానే తెచ్చి చెక్కుతారు కదా. పైడితల్లి అమ్మవారి దయ, దుమ్ము లేని పని.

ఊపిరి_డాక్టర్
పనస గారు చెప్పింది నేను చెప్పాల్సినదానికంటే బాగా చెప్పారు. కంటికి కనబడే పొట్టు ముక్కులోనే ఆగిపోతుంది. పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే సన్నని రజను లోపలికి దిగుతుంది. దాన్ని విడిగా చూడలేం, గంటల తరబడి గాలిలో తేలుతుంది.

గట్టు గారు దేవుడిచ్చిందన్నారు కాబట్టి ఒక సంగతి చెబుతాను, భయపెట్టడానికి కాదు. ఇంగ్లండ్‌లో హై వికమ్ అనే ఊరు కుర్చీల తయారీకి పేరు. అక్కడి ఈఎన్‌టీ డాక్టర్ ఎస్మే హ్యాడ్‌ఫీల్డ్, మామూలుగా చాలా అరుదుగా వచ్చే ముక్కు లోపలి క్యాన్సర్ ఆ ఊరి ఫర్నిచర్ పనివాళ్లలో మళ్లీ మళ్లీ కనబడటం గమనించారు. 1960ల్లో ఆ పరిశీలన మీద గట్టి పరిశోధన జరిగింది. 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క దుమ్ముని మనుషులకి క్యాన్సర్ కలిగించేవాటి మొదటి జాబితాలో చేర్చింది. బ్రిటన్‌లో ఇప్పుడు గట్టి చెక్కల దుమ్ముకి ఎనిమిది గంటల పనిలో సగటు పరిమితి ఘనపు మీటరు గాలికి 3 మిల్లీగ్రాములు. ఏ రసాయనమూ కలపని ఉత్త చెక్క గురించే ఇదంతా.

నాగావళి_గట్టు
ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మా తమ్ముడికి ముక్కు ఒక పక్కనే మూసుకుపోయి ఉంటోంది, అప్పుడప్పుడు నెత్తురు జీర. ముప్పై ఏళ్లుగా టేకు పని. చూపించాలా?

ఊపిరి_డాక్టర్
ఆలస్యం చెయ్యకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. ఎక్కువసార్లు అది మామూలు వాపో, కండో అయి ఉంటుంది. అయినా ఒక పక్కే మూసుకుపోవడం, నెత్తురు, ఇన్నేళ్ల టేకు పని, ఈ మూడూ కలిసినప్పుడు ఎండోస్కోపీతో లోపల చూడాల్సిందే. పని సంగతి డాక్టర్‌కి మీరే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు.

నాగావళి_గట్టు
రేపే తీసుకెళ్తాను.

పలాస_జీడిపిక్క
మా వైపు జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల చేతులు చూస్తే ఎలర్జీ మాట నమ్మనివాళ్లూ నమ్ముతారు. పిక్క పెంకులో నూనె వేళ్లని కాల్చేస్తుంది, చర్మం నల్లబడి పొరలు లేస్తుంది. అందుకే ఆముదం రాసుకుని ఒలుస్తారు. డాక్టర్ గారూ, జీడి, మామిడి ఒకే కుటుంబం కదా, మామిడి చెక్కకీ ఇలా అవుతుందా?

ఊపిరి_డాక్టర్
జీడిపెంకు నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఉంటాయి, కాల్చేవి అవే. మామిడి సొనలోనూ ఆ బాపతు పదార్థాలు ఉన్నాయి. పచ్చి మామిడి దుంగ, బెరడు పట్టుకునేటప్పుడు జాగ్రత్త. జీడి నూనెతో ఒకసారి ఎలర్జీ వచ్చినవాళ్లకి మామిడితోనూ రావచ్చు.

ఆమదాలవలస_అక్క
మా ఆయన వడ్రంగి. ఆయనకి ఏమీ లేదు, ఆయన బట్టలు ఉతికితే నాకు తుమ్ములు, మా చిన్నాడికి కళ్లు ఎర్రబడతాయి. ఇలా కూడా అవుతుందా?

ఊపిరి_డాక్టర్
అవుతుందమ్మా. షెడ్డులోనే బట్టలు మార్చుకుని, పని బట్టలు సంచిలో వేసి తీసుకురమ్మనండి. దులపకుండా నేరుగా బకెట్ నీళ్లలో ముంచండి, తడిశాక దుమ్ము లేవదు. పిల్లల బట్టలతో కలపొద్దు. ఆయన్ని ఇంటికి రాగానే తలస్నానం చెయ్యమనండి, రజను జుట్టులో ఉండి రాత్రి దిండు మీదికి చేరుతుంది.

పార్వతీపురం_టేకు
షెడ్డులో కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకునే అలవాటు ఉంటే ముందు అది మాన్పించండి అక్కా. కింద కూర్చున్న దుమ్మునంతా మళ్లీ లేపి ముక్కుకి అందించడమే అది. ఒంటి మీద ఆ గాలి పెట్టుకుంటే కళ్లకి, చెవులకి కూడా ప్రమాదం. చీపురుతో పొడిగా ఊడ్చినా అంతే. కాస్త నీళ్లు చిలకరించి ఊడవాలి.

కోటజంక్షన్_కుర్రాడు
మాస్క్ సంగతి ఎవరూ తేల్చలేదు. తువ్వాలు రెండు మడతలు కట్టుకుంటే చాలదా? నాకు గడ్డం ఉంది, మాస్క్ నిలవదు.

పార్వతీపురం_టేకు
తువ్వాలు పొట్టుని ఆపుతుంది, రజనుని ఆపదు. ఎన్95 అయినా ఎఫ్ఎఫ్‌పీ2 అయినా తీసుకో, మన దేశపు ప్రమాణం ఐఎస్ 9473 ముద్ర చూసి తీసుకో. చెవులకి తగిలించేవాటికంటే తల వెనక రెండు పట్టీలు ఉన్నవే బిగుతుగా కూర్చుంటాయి. పెట్టుకున్నాక రెండు చేతులూ మాస్క్ మీద మూసి గట్టిగా ఊదాలి. ముక్కు పక్క నుంచో, గడ్డం కింద నుంచో గాలి తగిలితే దుమ్ముకి కూడా దారి ఉన్నట్టే. గడ్డం ఉంటే ఆ దారి మూసుకోదు. మన ఎండలకి ముందు కవాటం ఉన్న రకం నయం, వదిలిన వేడి గాలి బయటికి పోతుంది.

రాజాం_మిల్లు
కుర్రాడికి పెళ్లిచూపులు ఉన్నాయట, గడ్డం తీయడానికి ఇదే ముహూర్తం.

కోటజంక్షన్_కుర్రాడు
ముహూర్తం మీరు పెట్టించండి, గడ్డం సంగతి నేను చూసుకుంటాను.

బొబ్బిలి_పనస
మాస్క్ ఆఖరి మాట. దుమ్ము పుట్టినచోటే పట్టుకోవడం మొదటి మాట. సాండర్‌కి వెనక ఉండే గుడ్డ సంచి నమ్ముకోవద్దు, ముతక పొడి అందులో ఉంటుంది, రజను గుడ్డలోంచి తన్నుకొస్తుంది. దాని మూతికి వాక్యూమ్ పైపు తగిలించాలి. మధ్యలో మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము, దాని మీద సైక్లోన్ గరాటు (గాలిని సుడి తిప్పి పొట్టుని కిందికి దించేది) పెడితే పొట్టంతా డ్రమ్ములో పడుతుంది, వాక్యూమ్ ఫిల్టర్ మూసుకుపోదు. వాక్యూమ్‌లో సన్నని రజనుని కూడా ఆపే హెపా ఫిల్టర్ లేకపోతే ఇటు పీల్చి అటు వదులుతుంది.

గంటస్తంభం_వడ్రంగి
నా షెడ్డులో ఎక్జాస్ట్ ఫ్యాన్ ఉంది, వెనక పెడస్టల్ ఫ్యాను పెట్టుకుంటాను. గాలి వీపు మీద తగిలి దుమ్ము ముందుకి పోతుందని. అది చాలదా?

రాజాం_మిల్లు
వీపు వెనక ఫ్యాను వద్దు. గాలి ఒంటిని చుట్టుకుని ఛాతీ ముందు సుడి తిరుగుతుంది, ఆ సుడిలో దుమ్ము పైకి లేచి ముఖానికే వస్తుంది. ఫ్యాను పక్కన పెట్టు. ఎడమ నుంచి కుడికి గాలి పోవాలి, కుడి పక్కన ఎక్జాస్ట్ ఉండాలి. పక్కింటివాళ్ల కిటికీ అటు లేకుండా చూసుకో, మాకు ఆ గొడవ పంచాయితీ దాకా వెళ్లింది.

బొబ్బిలి_పనస
నమ్మకం కుదరకపోతే రాత్రి పరీక్ష చెయ్యి. షెడ్డు లైట్లన్నీ ఆపేసి, సాండర్ కాసేపు ఆడించి ఆపు. ఒక మంచి టార్చి స్టాండుకి కట్టి వెలుగు అడ్డంగా పడేలా పెట్టి, పక్కకి జరిగి వెలుగుకి ఎదురుగా చూడు. లైటు వేసుకుని చూస్తే ఏమీ లేదనుకున్న గాలిలో రజను మెల్లగా తిరుగుతూ కనబడుతుంది. ఫ్యాను చోటు మార్చి మళ్లీ చూడు. ఎటు పోతోందో కళ్లారా తెలుస్తుంది.

పార్వతీపురం_టేకు
పాత తలుపులు గీకేవాళ్లకి ఒక మాట. పాలిష్ అయితే సరే, రంగు వేసినవి అయితే పొడిగా సాండర్ పట్టొద్దు. పాత ఆయిల్ రంగుల్లో సీసం ఉండేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు తలుపులంటే అనుమానించాల్సిందే. తడిపి గీకడం మేలు. పిల్లలు, గర్భిణులు ఆ చుట్టుపక్కల ఉండకూడదు.

గంటస్తంభం_వడ్రంగి
అందరికీ జవాబు. ముందు చర్మం డాక్టర్‌ని కలిశాను. వీపు మీద పట్టీలు అంటించి ప్యాచ్ టెస్ట్ చేస్తారట. రెండు రోజులు తడవకూడదు, తీశాక ఒకసారి, మళ్లీ ఒకటి రెండు రోజులకి ఒకసారి చూస్తారు. ఈలోగా ఇంట్లో ఆ పొడి చర్మానికి రాసి చూద్దామనుకున్నాను, డాక్టర్ వద్దన్నారు.

ఊపిరి_డాక్టర్
సరిగ్గా చెప్పారు. ఉత్త పొడి రాస్తే ఎలర్జీ లేనివాళ్లకీ ఎర్రబడుతుంది, లేని ఎలర్జీ కొత్తగా తెచ్చిపెట్టుకునే ప్రమాదమూ ఉంది. దగ్గుకి పీక్ ఫ్లో మీటర్ కొనుక్కోండి, ఎంత వేగంగా ఊదగలరో కొలిచే, చేతిలో పట్టే ప్లాస్టిక్ గొట్టం. ప్రతిసారీ మూడుసార్లు గట్టిగా ఊది ఎక్కువ వచ్చిన అంకె రాయాలి. రోజుకి కనీసం నాలుగుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు, సెలవు రోజులు కూడా కలిపి. పక్కనే ఆ రోజు ఏ పని చేశారో, ఏ చెక్కో, ఏ పాలిష్షో రాయండి. ఆ కాగితం తెస్తే మాకు సగం పని అయిపోయినట్టే. గన్ పని మాత్రం ఈలోగా వద్దు. షెడ్డులో మరొకరు కొట్టినా మీరు అక్కడ ఉండొద్దు.

పలాస_జీడిపిక్క
కూలికి పనిచేసేవాళ్ల సంగతి కూడా రాయండి. ఓనరు ‘నీ ఒళ్లు మంచిది కాదు’ అని పంపేస్తే?

పార్వతీపురం_టేకు
1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూల్‌లో పని వల్ల వచ్చిన ఉబ్బసం కూడా ఉండేది, 2025 నవంబరులో దాని చోట అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ మూడో షెడ్యూల్‌లోనూ ఉంది. చేసే పనిలోనే ఉండే, ఎలర్జీ తెప్పిస్తుందని గుర్తించిన పదార్థం వల్ల వచ్చిందని తేలాలి. ఈఎస్ఐ కార్డు ఉంటే దారి ఆ ఆసుపత్రి నుంచే. ఏదైనా కాగితం మీద ఉండాలి. మొదటిసారి చూపించినప్పుడే ‘వడ్రంగి పని, ఫలానా దుమ్ము, ఫలానా పాలిష్’ అని చీటీలో రాయించుకోండి.

నాగావళి_గట్టు
తమ్ముడికి ఎండోస్కోపీ అయింది. లోపల కండ పెరిగిందట, ముక్క తీసి పరీక్షకి పంపితే మామూలుదే అని వచ్చింది. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. డాక్టర్ గారికి దండాలు. మా షెడ్డులో నలుగురికీ రెండు పట్టీల మాస్కులు తెచ్చాను.

ఊపిరి_డాక్టర్
చాలా సంతోషం గట్టు గారూ.

గంటస్తంభం_వడ్రంగి
ప్యాచ్ టెస్ట్‌లో రోజ్‌వుడ్ పట్టీ దగ్గర ఎర్రగా లేచింది, టేకు దగ్గర ఏమీ లేదు. ఊపిరితిత్తుల డాక్టర్ ఊదిన కాగితం చూసి, ఈ మధ్య గన్ ఆపేసిన రోజుల్లో అంకె బాగా పెరిగిందన్నారు. ఒకరోజు పక్క షెడ్డువాళ్లు పీయూ కొట్టారు, ఆ రాత్రి అంకె పడిపోయి ఉంది, దగ్గూ వచ్చింది. ఇన్‌హేలర్ ఇచ్చారు, పీయూ జన్మలో ముట్టుకోవద్దన్నారు. పార్టీవాళ్లకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. లక్క పాలిష్‌కి ఒప్పుకున్నారు, పాత రోజ్‌వుడ్‌కి అదే అందమట. మిగిలిన సాండింగ్ మా బావమరిది చేస్తున్నాడు, నేను టేకు పనికి మారాను. లక్క పాలిష్‌లో స్పిరిట్ ఉంటుంది కదా, దానికి ఏ జాగ్రత్త?

పార్వతీపురం_టేకు
తలుపులు తెరిచి పెట్టుకో, చుట్ట, అగ్గిపుల్ల దగ్గరకి రానివ్వొద్దు. అది గుడ్డతో రుద్దేదే కాబట్టి గన్ మంచు ఉండదు. మీ బావమరిదికి మాస్క్, వాక్యూమ్ రెండూ ఇచ్చావా?

గంటస్తంభం_వడ్రంగి
మాస్క్ ఇచ్చాను, పొడుగు చేతుల చొక్కా వేసుకోమన్నాను. వాక్యూమ్ వచ్చింది కానీ పైపు సాండర్ మూతికి వదులుగా ఉంది.

బొబ్బిలి_పనస
పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి మూతి మీద ఎక్కించి, దాని మీద పైపు తొడిగి క్లిప్పు బిగించు. ఈ ఆదివారం విజయనగరం వస్తున్నాను, డ్రమ్ముకి గరాటు అమర్చడం నేను చూపిస్తాను.